అమ్మతో కలిసి చూడాలంటే ఏ సీరియల్ మొదలుపెట్టాలి? అన్నీ ఒకేలా ఎందుకుంటాయి?

మీరు అడిగిన దాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. అమ్మ సాయంత్రం నుంచి రాత్రి పది దాకా సీరియళ్లు చూస్తుంది, ఆమెతో కాసేపు గడుపుదామని పక్కన కూర్చుంటే పది నిమిషాలకే లేచిపోవాలనిపిస్తోంది, నాకూ నచ్చేది ఏదైనా ఉందా అన్నది మొదటిది. అన్నీ ఒకే కథలా ఎందుకుంటాయి, అంతంత ఎందుకు సాగదీస్తారు అన్నది రెండోది. నేను దూరదర్శన్‌లో ఋతురాగాలు వచ్చిన రోజుల నుంచీ సీరియళ్లు చూస్తున్నదాన్ని. ఇప్పటికీ చూస్తున్నాను, ఇష్టంగానే చూస్తున్నాను. కాబట్టి ఇక్కడ రాసేవన్నీ నా అభిప్రాయాలే అయినా, దూరం నుంచి చూసి తీసిపారేసేవాళ్ల అభిప్రాయాలు మాత్రం కావు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. గుండె నిండా గుడి గంటలు మొదలుపెట్టండి. స్టార్ మాలో 2023 అక్టోబరు నుంచి వస్తోంది, తమిళంలో విజయ్ టీవీలో వచ్చే సిరగడిక్క ఆసైకి రీమేక్. కథ పెద్దగా ఏం లేదు. బాలు కారు డ్రైవరు, మీనా పూలమ్ముకునే ఇంటి పిల్ల. బాలు తల్లి ప్రభావతికి పెద్దకొడుకు మనోజ్ అంటే ప్రాణం, ఎందుకంటే వాడు చదువుకున్నాడు. ఆ చదువుకున్నవాడికి ఉద్యోగం నిలవదు, ఇంటి డబ్బు తినేస్తాడు, అయినా వాడే బంగారం. చదువు అబ్బని బాలు రేయింబవళ్లు బండి తిప్పి ఇల్లు నడుపుతాడు, అయినా వాడే పనికిరానివాడు. ఇంతే. ఇలాంటి ఇల్లు మీ బంధువుల్లో ఒకటైనా ఉండి తీరుతుంది, నాకు తెలిసిన ఇళ్లే మూడు నాలుగు ఉన్నాయి.

కానీ నేను దాన్ని మెచ్చుకునేది కథ కోసం కాదు. ఆ ఇంట్లో ముగ్గురు కోడళ్లు, ముగ్గురికీ పని ఉంది. మీనాది పూల వ్యాపారం, మనోజ్ భార్య రోహిణిది బ్యూటీ పార్లర్, మూడో కోడలు శ్రుతి డబ్బింగ్ ఆర్టిస్టు, ఆమె భర్త రవి చెఫ్. ఎవరెంత సంపాదిస్తున్నారు, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, ఎవరి పుట్టింటివాళ్లు ఎంత పెట్టారు అన్నదాన్ని బట్టి అత్తగారి గొంతు మారిపోతూ ఉంటుంది. ఒకే రోజు, ఒకే హాల్లో, ఒక కోడలితో మాట్లాడేటప్పుడు ఒక గొంతు, పక్కకు తిరిగి మీనాతో మాట్లాడేటప్పుడు ఇంకో గొంతు. రోహిణి తన తండ్రి మలేషియాలో పెద్ద కోటీశ్వరుడని అబద్ధం చెప్పి ఆ ఇంటికి వచ్చింది, ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి ఇంకో అబద్ధం, దానికోసం ఇంకోటి. ఆమె విలనే, కానీ ఆ ఇంట్లో డబ్బున్న పుట్టిల్లు లేకపోతే కోడలి గతి ఏమిటో మీనాను చూస్తే తెలుస్తోంది కదా, అందుకని రోహిణి భయం కూడా మనకు అర్థమవుతుంది. విలన్‌కి ఇలాంటి కారణం ఇచ్చిన సీరియళ్లు మన దగ్గర చాలా తక్కువ.

మీనా పూలు కట్టే సన్నివేశాలు వచ్చినప్పుడు కాస్త శ్రద్ధగా చూడండి. ఒడిలో పూలు, చేతిలో దారం, మాట్లాడుతూనే రెండేసి పూలు పెట్టి ముడి వేసుకుంటూ పోతుంది. అత్తగారు ఎంత మాటన్నా చెయ్యి ఆగదు. ఒకవేళ ఆగిందంటే ఆ మాట నిజంగా తగిలిందని అర్థం. దానికి ఉరుముల శబ్దం అక్కర్లేదు, కెమెరా మూడుసార్లు ముఖం మీదికి దూకక్కర్లేదు. నటించేవాళ్ల చేతికి ఒక పని ఇస్తే నటన ఎంత తేలికవుతుందో అక్కడ తెలుస్తుంది.

ఇన్నేళ్లు చూశాక నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఇదే. పాత్రకు చేతిలో పని ఉన్నంత కాలం సీరియల్ బాగుంటుంది. ఆ పని మాయమై అందరూ పట్టుచీరలు కట్టుకుని హాల్లో నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజు నుంచి సీరియల్ పడిపోతుంది. ఇది పాతవాటికీ కొత్తవాటికీ సరిపోతుంది. అమృతం సీరియల్‌ని జనం ఇప్పటికీ యూట్యూబ్‌లో వేసుకుని చూస్తున్నారంటే కారణం హాస్యం ఒక్కటే కాదు. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, అమృతం పాత్ర వేసిన నటులే మారిపోయారు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, అయినా జనం వదల్లేదు. ఎందుకంటే అమృత విలాస్ అనే హోటల్ అక్కడే ఉంది. అప్పులున్నాయి, అద్దె కట్టమని మీద పడే ఇంటి ఓనరు అప్పాజీ ఉన్నాడు, పని ఎగ్గొట్టే సర్వర్ సర్వం ఉన్నాడు, ఎలాగైనా నాలుగు డబ్బులు వెనకేసుకోవాలన్న ఆత్రం ఉంది. గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు ఆ హోటల్ గల్లా దగ్గర లేకపోతే అంత దగ్గరయ్యేవాడు కాదని నేను నమ్ముతాను.

కార్తీక దీపం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సీరియళ్ల మంచీ చెడూ రెండూ ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది, మలయాళంలో ఏషియానెట్‌లో వచ్చిన కరుత్తముత్తుకు రీమేక్. అక్కడ నాయిక వేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడా వేసింది. నల్లగా ఉందని చిన్నచూపు చూసిన ఆడపిల్ల, మంచి డాక్టరుతో పెళ్లి, అతనికి పిల్లలు పుట్టరని, అతన్ని కోరుకున్న మోనిత చెప్పిన అబద్ధం, దాంతో భార్య మీద అనుమానం, కడుపుతో ఉన్న మనిషి ఇల్లు వదిలి వెళ్లిపోవడం. అక్కడి నుంచి ఆమె బతుకు వంట. నలుగురికి వండిపెట్టి కూతుర్ని పెంచుకుంటుంది. జనం ఆమెను దీప అని పిలవలేదు, వంటలక్క అని పిలిచారు. అది గమనించండి. పేరుతో కాకుండా చేసే పనితో ఒక పాత్రను రెండు రాష్ట్రాలూ గుర్తుపెట్టుకున్నాయి, భర్తను కూడా డాక్టర్ బాబు అనే అన్నాయి. ఆ రోజుల్లో మా వీధిలో ఏడున్నరకు ఎవరి ఇంటికి వెళ్లినా ఆ సీరియలే, ఒక ఇంట్లోంచి బయటికొచ్చి ఇంకో ఇంట్లోకి వెళ్లేలోపు మధ్యలో ఒక్క డైలాగు కూడా పోయేది కాదు.

మరి ఎక్కడ చెడింది? కథ మొత్తం ఒక అనుమానం మీద నిలబెట్టారు. పిల్లలు తన పిల్లలేనా అన్నది ఒక్క పరీక్షతో తేలిపోయే విషయం, పైగా అనుమానపడే మనిషే డాక్టరు. మొదట్లో అతని అహంకారం ఆ పరీక్ష చేయించుకోనివ్వలేదని మనం సర్దుకున్నాం. ఏళ్లు గడిచేకొద్దీ సర్దుకోవడం కష్టమైంది. చూసేవాళ్లంతా డీఎన్ఏ పరీక్ష అని మొత్తుకుంటుంటే తెర మీద మాత్రం ఆ మాట రానివ్వలేదు. దాన్ని దాచిపెట్టడానికి ప్రమాదాలు, కిడ్నాపులు, జైళ్లు. ఆ గొడవలో వంట వెనక్కిపోయింది, మోనిత ముందుకొచ్చింది. శోభా శెట్టి ఆ పాత్రను చాలా బాగా చేసింది, కానీ మోనిత కుట్రల చుట్టూ తిరిగిన ఆ నెలల్లో దీప చేతిలో గరిటె చూసిన గుర్తు నాకు లేదు. తర్వాత 2022లో దీపనీ, భర్త కార్తీక్‌నీ ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్లను చేసి కథ నడిపారు. నిలవలేదు. కొన్ని నెలలకే ఇద్దర్నీ బతికించి మళ్లీ తీసుకొచ్చారు. ఆ పెద్దయిన కూతురు శౌర్యగా ఆటో నడిపిన అమ్మాయే అమూల్య గౌడ, ఇప్పుడు మీనాగా పూలమ్ముతున్నది ఆవిడే. నాకైతే ఆ ఆటో రోజుల్లోనే ఈ అమ్మాయికి పని చేసుకునే మనిషి పాత్ర బాగా నప్పుతుందనిపించింది.

2024 మార్చి నుంచి వస్తున్న కార్తీక దీపం రెండోది వేరే కథ, అదే జంట. దీపకు మళ్లీ వంట చేతికి ఇచ్చారు, కార్తీక్‌ని రెస్టారెంట్ల వ్యాపారంలో పెట్టారు, అది మంచి ఆలోచన. అయితే పుట్టినప్పుడే బిడ్డలు మారిపోయారు, అసలు వారసురాలు పనిమనిషిలా ఉంది, వారసురాలిగా పెరిగిన జ్యోత్స్న విలన్ అనే రహస్యం మీద దాన్ని ఎక్కువగా ఆధారపడేలా చేశారు. రహస్యం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న లెక్కే ఎపిసోడ్ల తరబడి సాగుతుంది. మీ అమ్మ చూస్తుంటే మీరూ చూడండి, మొదటిసారి చూడ్డం మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నేను దీన్ని చెప్పను.

బ్రహ్మముడి గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఎందుకంటే మొదట్లో దాన్ని చాలా ఇష్టపడ్డాను. 2023 జనవరిలో కార్తీక దీపం అయిపోయిన మర్నాడే అదే స్లాట్‌లోకి వచ్చింది. బెంగాలీలో స్టార్ జల్సాలో వచ్చిన గాట్‌ఛోరా దీనికి మూలం. మట్టి బొమ్మలు చేసుకుని బతికే ఇల్లు, కనకం కృష్ణమూర్తి దంపతులు, ముగ్గురు కూతుళ్లు. రెండో కూతురు కావ్య బొమ్మలకు రంగులు వేస్తుంది. అవతల దుగ్గిరాల వారిది నగల వ్యాపారం. రంగులు వేసే చెయ్యి నగల డిజైన్లు గీయడం, పెళ్లి ఇష్టం లేని భర్త ఆ డిజైన్ చూసి మెచ్చుకుని, అది గీసింది భార్యేనని తెలిశాక ఏం చెయ్యాలో తోచక నిలబడిపోవడం, ఇవన్నీ నాకు ఎంతో నచ్చాయి. కావ్యగా దీపిక రంగరాజు, రాజ్‌గా మానస్ ఒకరినొకరు దెప్పుకుంటూ మాట్లాడుకునే తీరులో చనువు ఉంది. పెద్దింటి సంబంధం కోసం అబద్ధాలాడే కనకం ఒక మధ్యతరగతి తల్లి ఆత్రం, అంతే, ఆమెను చెడ్డది అనలేం. చిన్న కూతురు అప్పు పోలీసు ఉద్యోగం దాకా వెళ్లింది, ఆ ముక్క కూడా బాగుంది.

కానీ ఆ తర్వాత నగల కంపెనీ కుర్చీలో ఎవరు కూర్చోవాలి, ఆస్తి కాగితాల మీద ఎవరు సంతకం పెట్టారు, ఎవరు ఎవరి మీద నింద వేశారు అన్నదే కథ అయిపోయింది. డిజైన్ అనే మాట ఉంది, గీసే చెయ్యి లేదు. కుటుంబమంతా హాల్లో అర్ధచంద్రాకారంలో నిలబడితే ఒక్కొక్కరి ముఖం మీదికీ కెమెరా వెళ్లి వస్తుంది. పది మంది ఉన్న ఇంట్లో పది ముఖాలూ చూపించి వచ్చేసరికి ప్రకటనల సమయం అవుతుంది. దీనికి రాసేవాళ్ల చేతకానితనం కారణమని నేను అనను. ఎందుకో చెప్పాలంటే మీ రెండో ప్రశ్నకు రావాలి.

అన్నీ ఒకేలా ఉన్నాయని మీకు అనిపించింది సరైనదే, కొన్ని నిజంగానే ఒకే కథ. మా టీవీని 2015లో స్టార్ వాళ్లు కొన్నారు, తర్వాత పేరు స్టార్ మా అయింది. ఆ గూటిలోనే బెంగాలీకి స్టార్ జల్సా, తమిళానికి విజయ్, మలయాళానికి ఏషియానెట్ ఉన్నాయి. ఒక భాషలో గెలిచిన కథ ఇంకో భాషకు వెళ్తుంది. ఇంటింటి గృహలక్ష్మి చూసే ఉంటారు, కస్తూరి తులసిగా వేసింది. దాని మూలం బెంగాలీ శ్రీమొయీ. హిందీ అనుపమా అదే, తమిళ బాక్యలక్ష్మి అదే, మరాఠీలో, మలయాళంలో, కన్నడలో కూడా అదే కథ. వదినమ్మ తమిళ పాండియన్ స్టోర్స్, గుప్పెడంత మనసు బెంగాలీ మొహోర్. జీ తెలుగులో త్రినయని, జగద్ధాత్రి కూడా జీ బంగ్లా నుంచి వచ్చినవే. ఒకసారి గెలిచిన కథ మళ్లీ గెలుస్తుందన్న ధైర్యం వాళ్లది. రోజూ వచ్చే సీరియల్ అంటే కోట్ల వ్యవహారం, ఆ భయం నాకు అర్థమవుతుంది.

రీమేక్ అనేది తప్పని నేను అనను. కార్తీక దీపం కూడా రీమేకే, మన ఇంట్లో మనిషిలా కలిసిపోయింది. నాకు బాధ కలిగేది ఒక్క చోటే. తులసి కథ విశాఖలో జరిగినా, కలకత్తాలో జరిగినా తేడా తెలియకపోతే ఏదో పోయినట్టే. మన ఊళ్లలో ఎన్ని రకాల బతుకులున్నాయి! పొగాకు బేరన్లు, రొయ్యల చెరువులు, పోచంపల్లి మగ్గాలు, బీడీలు చుట్టే ఇళ్లు, గల్ఫ్‌లో మొగుడు ఉండి ఇక్కడ ఒంటరిగా పిల్లల్ని సాకే ఆడవాళ్లు. అవేవీ సీరియల్‌లోకి రావు. వచ్చేది ఎప్పుడూ హైదరాబాద్‌లో ఎత్తు మెట్లున్న ఒక పెద్ద బంగళా, ఒక కంపెనీ, ఒక ఎండీ కుర్చీ. భాషలో కూడా అంతే, అత్త గోదావరి యాస మాట్లాడితే కోడలు ఏ యాసా లేని పుస్తకం తెలుగు మాట్లాడుతుంది. నటించేవాళ్లలో చాలామంది కర్ణాటక నుంచి, కేరళ నుంచి వస్తారు, ఇంకొకరు గొంతు ఇస్తారు. నటుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, కష్టపడి పని చేస్తున్నారు. సుమ గారు కేరళ నుంచి వచ్చి మనలో చాలామంది కంటే మంచి తెలుగు మాట్లాడుతున్నారు, కాబట్టి పుట్టిన ఊరు అడ్డం కాదు. అయినా గొంతు అరువైనప్పుడు ఏడుపు సన్నివేశంలో తేడా తెలుస్తుంది. పెదవి ఆగాక కూడా ఏడుపు వినిపిస్తుంది.

ఇక సాగదీత. వారానికి ఆరు రోజులు, రోజుకు అరగంట, అందులో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల చిల్లర. ఈ లెక్కన నెలకు తయారయ్యే కథ నాలుగైదు సినిమాలంత. ఈటీవీలో అభిషేకం 2008లో మొదలై 2022 దాకా నడిచింది, నాలుగు వేల ఎపిసోడ్లు. అంత కథ ఎవరి దగ్గరా ఉండదు, ఎంత గొప్ప రచయిత దగ్గరైనా ఉండదు. దానికి తోడు ప్రతి గురువారం టీఆర్పీలు వస్తాయి. బార్క్ అనే సంస్థ దేశమంతా కలిపి యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టి, ఎవరు ఏ ఛానల్ చూస్తున్నారో లెక్క తీస్తుంది. ఆ అంకె కిందికి దిగితే అనుకున్న కథ పక్కకు పోతుంది, ఒక ట్రాక్ ఆపేస్తారు, చచ్చిపోయినవాళ్లు తిరిగొస్తారు, కొత్త విలన్ ఎంట్రీ ఇస్తుంది. అంకె పైకి లేచినా ప్రమాదమే, లేచిన ఆ ట్రాక్‌నే పట్టుకుని నెలలు లాగుతారు. మంచి సీరియల్ కూడా ఎక్కువగా దెబ్బ తినేది దాని గెలుపు వల్లే అని నేను అంటాను.

ఇంకో కారణం ఉంది, దీన్ని విమర్శించేవాళ్లు పట్టించుకోరు. సీరియల్ చూసేవాళ్లలో చాలామంది కూర్చుని చూడరు. మా అత్తగారు బతికున్న రోజుల్లో సీరియల్ టైముకు ఆవిడ వంటింట్లోనే ఉండేవారు. పప్పు తాలింపు వేస్తూ, చిక్కుడుకాయలు ఒలుస్తూ హాల్లోంచి వచ్చే మ్యూజిక్ విని, ఆ వెధవ వచ్చినట్టుందే అనేవారు. వచ్చి చూస్తే వాడే ఉండేవాడు. పాత్రలు మనసులో అనుకునేది కూడా పైకి వినిపించడం, జరిగిందే రెండుసార్లు చెప్పుకోవడం, ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క మ్యూజిక్ పెట్టడం, ఇవన్నీ చెవులతో చూసేవాళ్ల కోసం చేసిన ఏర్పాట్లు. చేతిలో పని ఉన్న ఆడవాళ్ల కోసం పుట్టిన కళ ఇది. మీరు సోఫాలో కూర్చుని రెప్ప వేయకుండా చూస్తే పది నిమిషాల్లో లేవాలనిపించడంలో వింత లేదు. అందుకే, ఆ ఆడవాళ్ల పనిని తెర మీద కూడా చూపించినప్పుడు వాళ్లకు అంత దగ్గరవుతుంది. వంటలక్క అంతలా పాకిపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

సీరియళ్లు కాకుండా వేరేవి అంటారా, అమ్మతో చూడ్డానికి పాడుతా తీయగా కంటే మంచిది నాకు కనబడలేదు. ఈటీవీలో 1996లో మొదలైంది. గాయకుడు ఎస్పీ బాలు గారు ఉన్నప్పుడు పాట అయిపోగానే మార్కుల కంటే ముందు ఆ పాట పుట్టుక చెప్పేవారు, ఎవరు రాశారు, ఏ రాగం, ఫలానా చోట ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అని. పిల్ల ఒక సంగతి తప్పితే ఆయన అదే సంగతిని మెల్లగా పాడి వినిపించి, మళ్లీ అనమ్మా అనేవారు. ఆ పిల్ల రెండోసారి సరిగ్గా అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి. 2020 సెప్టెంబరులో ఆయన పోయాక కొన్నాళ్లు ఆ కార్యక్రమం పేరు వినాలన్నా గుండె బరువెక్కేది. ఇప్పుడు ఆయన కొడుకు చరణ్ నడుపుతున్నారు, హుందాగా నడుపుతున్నారు. తండ్రిని అనుకరించకుండా తన పద్ధతిలో మాట్లాడటం నాకు నచ్చింది. నాకున్న కోరిక ఒక్కటే, లైట్లూ డాన్సర్లూ తగ్గించి, తప్పును సరిదిద్దే ఆ రెండు నిమిషాలు మళ్లీ పెంచితే బాగుండు.

జబర్దస్త్ గురించి పెద్దగా చెప్పను. 2013లో వచ్చినప్పుడు పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు అది దారి చూపింది, గెటప్ శ్రీను లాంటి నటుడు ఎక్కడో ఉండిపోవాల్సినవాడు మన ముందుకొచ్చాడు, అది గొప్ప విషయం. కానీ లావు మీద, రంగు మీద, భార్య మీద, ఆడవేషం వేసుకున్న మగవాడి మీద జోకులు ఎన్నేళ్లు వింటాం? అమ్మ పక్కన కూర్చుని చూసేది కాదు.

బిగ్ బాస్ చూస్తాను. 2017లో ఎన్టీఆర్ చేశాడు, తర్వాత ఏడాది నాని, ఆ తర్వాత నుంచి నాగార్జునే. అందులో నాకు నచ్చేది అరుపుల టాస్కులు కాదు, వంటగది. రేషన్ తక్కువ ఉన్న వారం ఎవరు ఎంత అన్నం పెట్టుకున్నారు, గిన్నెలు ఎవరు తోమారు, ఎవరు ఒళ్లు దాచుకున్నారు, అక్కడ మనిషి అసలు స్వభావం బయటపడుతుంది. గుడ్డు దగ్గర మొదలైన గొడవ శనివారం నాగార్జున ముందు పంచాయితీ అవుతుంది. దాన్ని చిన్న విషయం అని నవ్వేవాళ్లు ఎప్పుడూ ఉమ్మడి కుటుంబంలో వండి ఉండరు. నాకు నచ్చనిది బయట జరిగేది. 2023 డిసెంబరులో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. ఒక ఆట కోసం ప్రయాణికులతో ఉన్న బస్సు మీద రాళ్లు వేసే అభిమానం అభిమానం కాదు. రోజంతా మనుషుల్ని రెచ్చగొట్టే ప్రోమోలు కట్ చేసేవాళ్లు కూడా దాంట్లో తమ వాటా ఎంతో ఆలోచించుకోవాలి.

మీకు సీరియల్ అసలు పడకపోతే మధ్యే మార్గంగా ఈటీవీ విన్ అనే ఓటీటీలో 2024 జనవరిలో వచ్చిన వెబ్ సిరీస్ నైంటీస్ చూడండి. ఆరే ఎపిసోడ్లు. లెక్కల మాస్టారు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, నెలాఖరు. శివాజీ ఆ మాస్టారిగా చాలా బాగున్నాడు. కుట్ర లేదు, బంగళా లేదు, రోజూ ఉప్మాయేనా అని పిల్లలు విసుక్కునే ఇల్లు. మీ అమ్మకు అందులో తన పెళ్లయిన కొత్తల్లోని ఇల్లు కనిపిస్తుంది, మీకు మీ బడి రోజులు కనిపిస్తాయి. ఇలాంటిది రోజూ వచ్చే సీరియల్‌గా, రెండు మూడొందల ఎపిసోడ్లలో శుభం కార్డు పడేలా ఎవరైనా తీస్తే నేను ఒక్క రోజు కూడా వదలను.

ఇక ఎలా చూడాలో చెప్తాను. వెనకటి ఎపిసోడ్లు వెతుక్కుని మొదటి నుంచీ చూడాలని అనుకోకండి, అది ఎవరివల్లా కాదు. సోమవారం నాడు కూర్చోండి, శనివారం వదిలిన ముడి ఆరోజు విప్పుతారు. మంగళ, బుధ వారాలు సాగుతుంది, ఆ రోజుల్లో మీ పని మీరు చూసుకుని చెవి ఒకటి అటు పడేస్తే చాలు. శుక్ర, శనివారాలు తప్పకుండా చూడండి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకపోతే ఫోన్‌లో వెతకొద్దు, అమ్మను అడగండి. మనోజ్ డబ్బు ఎప్పుడు ఎత్తుకెళ్లాడో, రోహిణి ఆ అబద్ధం మొదటిసారి ఎక్కడ చెప్పిందో ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. ప్రకటనలు వచ్చినప్పుడు సౌండ్ తగ్గించి అడిగితే ఇంకా బాగా చెప్తుంది. చూసేటప్పుడు లాప్‌టాప్ వద్దు, చేతికి ఏదైనా పని తీసుకోండి, ఉతికిన బట్టలు మడతపెట్టండి, వెల్లుల్లి ఒలవండి, పర్లేదు.

ఒక నెల ఇలా చూసి, మీనా ట్రాక్ నచ్చిందో లేదో రాయండి. నచ్చకపోతే స్టార్ మాలోనే ఇల్లు ఇల్లాలు పిల్లలు ఉంది, తమిళ పాండియన్ స్టోర్స్ రెండోదానికి రీమేక్. కొడుకుల మీద తండ్రి పెత్తనం నడిచే ఇల్లు అది. ప్రభాకర్ ఆ తండ్రిగా, ఆమని తల్లిగా ఉన్నారు. అది మీ నాన్నగారు కూడా కూర్చుని చూస్తారు.